ఇసుక నేలలో గడ్డి కాపురం

అక్టోబరు నెల. అమెరికాలోని మినియాపొలిస్‌ నగరం నుంచి 65వ నెంబరు హైవే పట్టుకుని ఉత్తరంగా బయల్దేరితే, గంట తిరక్కుండానే ఊరి సందడంతా వెనకబడిపోతుంది. పెట్రోలు బంకులు, కార్ల షోరూములు, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్లు... ఒక్కొక్కటీ పలచబడతాయి. ఈస్ట్‌ బెథెల్‌ అనే చిన్న పట్నం వచ్చేసరికి రోడ్డుకి రెండు పక్కలా ఓక్‌ చెట్లు. చెట్ల మధ్య ఖాళీల్లో ఒక రంగు మెరుస్తుంటుంది. చింతపండు పెట్టి తోమిన రాగిచెంబు రంగు. కోతకొచ్చిన పంటేమో అనుకుంటారు కొత్తవాళ్లు. పంట కాదు. అది గడ్డి!

పేరు లిటిల్‌ బ్లూస్టెమ్‌. మోకాలు దాటి, నడుం దాకా పెరిగే గుబుర్లు. ఆ రోజుల్లో చూస్తే ఎండిపోయి, ఈ ఏటికి పనైపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి దానికి ఏడాది మొత్తంలో అది ముఖ్యమైన పని రోజుల్లో ఒకటి. ఆకుల్లో ఉన్న నత్రజనిని చిన్న చిన్న అణువులుగా విడగొట్టుకుని మొదట్లోకీ, వేళ్లలోకీ దించుకుంటూ ఉంటుంది. తొలి మంచు పడేలోగా మూట కట్టేయాలి. ఆలస్యమైతే చలికి ఆకు చచ్చి, సరుకంతా అందులోనే చిక్కుకుపోతుంది.

ఒక గడ్డిపోచకి అంత పీనాసితనం ఎందుకు? ఆ సంగతి తెలుసుకోడానికి శాస్త్రవేత్తలు నాలుగు దశాబ్దాలకు పైగా ఆ ఇసుకలోనే మోకాళ్ల మీద కూర్చుని లెక్కలు రాస్తున్నారు. ఆ చోటి పేరు సీడర్‌ క్రీక్‌. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన క్షేత్రం. విస్తీర్ణం 5 వేల ఎకరాల పైమాటే.

మంచు తెచ్చిన ఇసుక

మంచుయుగం చివర్లో ఈ ప్రాంతం మీద హిమానీనదాలు కరిగి వెనక్కి తగ్గాయి. ఆ నీళ్లు పారుతూ పారుతూ మోసుకొచ్చిన ఇసుకని ఇక్కడ పరిచి వెళ్లిపోయాయి. దాన్నే అనోకా ఇసుక మైదానం అంటారు. సీడర్‌ క్రీక్‌ మెట్ట నేలని గుప్పిట్లోకి తీసుకుంటే తొంభై పాళ్లకు పైగా ఇసుకే. వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

అయినా ఆ చోటు ఎడారి కాదు. పైగా అక్కడ మూడు ప్రపంచాలు కలుస్తాయి. తూర్పు నుంచి ఆకురాల్చే అడవి, ఉత్తరం నుంచి చలిదేశపు సూదిమొన చెట్లు, పడమటి నుంచి ప్రెయిరీ గడ్డి మైదానం. పల్లంలో బురదకొలను ఒకటుంది... సీడర్‌ బాగ్‌ లేక్‌. దాని అంచున తేలే నాచు మీద నడుస్తుంటే నేల పరుపులా ఊగుతుంది. వేసవిలో శాండ్‌హిల్‌ కొంగలు గూళ్లు పెడతాయి. వాటి అరుపు మైళ్ల దూరం వినిపిస్తుంది.

ఆ కొలనుకో కథ ఉంది. 1930ల చివర్లో రేమండ్‌ లిండెమన్‌ అనే విద్యార్థి ఆ నీళ్లలో నాచునీ, పురుగుల్నీ, చేపల్నీ ఏళ్ల తరబడి లెక్కపెట్టాడు. ఎవరు ఎవర్ని తింటే ఎంత శక్తి ఎటు పోతుందో చూపించాడు. పత్రిక వాళ్లు ముందు వ్యాసం తిప్పికొట్టారు. తర్వాత ఒప్పుకున్నారు. అది 1942లో అచ్చయ్యేసరికి లిండెమన్‌ లేడు. ఇరవయ్యారేళ్లకే జబ్బుతో చనిపోయాడు. ఇవాళ జీవావరణ శాస్త్రం చదివే ఏ విద్యార్థీ ఆ వ్యాసం గురించి తెలుసుకోకుండా కోర్సు పూర్తిచేయడు. ఆ 1942లోనే ఆ భూమి విశ్వవిద్యాలయం చేతికొచ్చింది.

నాగలి చేసిన నష్టం

కొలను సంగతి అలా ఉంచితే, గడ్డి కథ నాగలితోనే మొదలవుతుంది. అంతకుముందు ఆ నేల డకోటా, ఒజిబ్వే తెగల సంచారభూమి. మెరుపుల వల్లో మనుషుల వల్లో నిప్పు అంటుకునేది, గడ్డి కాలేది, మళ్లీ చిగిర్చేది. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నుంచి వలసొచ్చిన రైతులు ఓక్‌ చెట్లు నరికి, గడ్డి చెక్కి, దుక్కి దున్నారు. మొదట్లో పంట బాగానే వచ్చింది. ఎందుకు రాదు? ఎన్నో తరాల గడ్డివేళ్లు కుళ్లి పోగేసిన సత్తువ అది. నాగలి తగలగానే గాలి ఆడి, సూక్ష్మజీవులు ఆ పాత నిల్వలన్నీ ఆబగా అరిగించేసి నైట్రేట్‌ రూపంలో విడుదల చేశాయి. కొంత పంటలోకి వెళ్లింది. మిగిలింది వానకి ఇసుకలోంచి కిందికి దిగిపోయింది.

బంకమట్టి అయితే కొంత పట్టి ఉంచేది. ఇసుక దేన్నీ పట్టుకోదు. ఏటికేడాది కంకి చిన్నదైపోయింది. 1920ల నుంచి ఒక్కొక్క రైతూ చేతులెత్తేసి పొలాన్ని వదిలిపెట్టి వెళ్లాడు. వాళ్లని తప్పుపట్టడానికేం లేదు. రాబడి లేని ఇసుకని దున్నుకుంటూ ఎవరు మాత్రం ఎన్నాళ్లుంటారు?

ఎంత పోయిందో తర్వాత లెక్కతేలింది. జొహానెస్‌ నాప్స్‌, డేవిడ్‌ టిల్మన్‌ అనే ఇద్దరు 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సాగు వదిలేసేనాటికి ఆ పొలాల మట్టిలో ఉండాల్సిన నత్రజనిలో 75 శాతం పోయింది. కర్బనం అయితే 89 శాతం. మరి తిరిగి రావడానికి? నత్రజని పాత స్థాయిలో 95 శాతానికి చేరడానికి 180 ఏళ్లు పడుతుందని వాళ్ల అంచనా. కర్బనానికి 230 ఏళ్లు. దున్నింది ఒకటి రెండు తరాలు... పూడ్చుకోడానికి ఏడెనిమిది తరాలు!

గాలిలో నూటికి డెబ్భై ఎనిమిది పాళ్లు నత్రజనే కదా అంటారేమో. అలమార నిండా సరుకుంది. తాళంచెవి మాత్రం గడ్డి దగ్గర లేదు. ఆ చెవి కొన్ని రకాల బ్యాక్టీరియా దగ్గరే ఉంది. వాటిని వేళ్ల బుడిపెల్లో పెంచుకునే పప్పుజాతి మొక్కలకి ఆ భాగ్యం. గడ్డికి మట్టిలో దొరికే కాస్త అమోనియం, కాస్త నైట్రేటే గతి.

అయిదు గడ్డుల పందెం

1982లో టిల్మన్‌ వదిలేసిన పొలాల్లో నాలుగు మీటర్ల చదరపు మళ్లు గీయించి, వాటికి వేర్వేరు మోతాదుల్లో నత్రజని ఎరువు వేయడం మొదలుపెట్టాడు. కొన్నింటికి అసలేమీ లేదు. గరిష్ఠ మోతాదు హెక్టారుకి 272 కిలోల నత్రజని. మన లెక్కలో చెప్పుకుంటే ఎకరానికి అయిదు బస్తాల యూరియాకు పైనే. ఏం జరిగిందో చెప్పేముందు, ఆ పక్కనే జరిగిన ఇంకో చిన్న ప్రయోగం గురించి చెప్పుకోవాలి. నిజానికి గడ్డి గుట్టు బయటపెట్టింది అదే.

బీడుపడ్డ పొలంలోకి గడ్డిజాతులు ఒక వరసలో వస్తాయి. ముందుగా టికిల్‌గ్రాస్‌. దుమ్ములాంటి విత్తనాలు, గాలికి ఎటైనా వెళ్తాయి. క్వాక్‌గ్రాస్‌ నేల కింద కాండాలతో పాకుతూ వస్తుంది. మన చేలల్లో గరిక ఎలా పాకుతుందో అలాగే. ఒక్క ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. తర్వాత కెంటకీ బ్లూగ్రాస్‌. దశాబ్దాలు గడిచాక, అందరూ వచ్చి సర్దుకున్నాక, నింపాదిగా వచ్చేవి రెండు... లిటిల్‌ బ్లూస్టెమ్‌, బిగ్‌ బ్లూస్టెమ్‌. వచ్చాక ఇక కదలవు. చివర వచ్చినవాడు ముందొచ్చిన వాళ్లని ఎలా వెళ్లగొడుతున్నాడు?

టిల్మన్‌, ఆయన శిష్యుడు డేవిడ్‌ వెడిన్‌ 1980ల మధ్యలో ఈ అయిదు గడ్డుల్నీ విడివిడిగా మళ్లలో పెంచారు. మట్టి పాళ్లు మార్చి సారం ఎక్కువ తక్కువలుండేలా చూశారు. తర్వాత జంటలుగా కలిపి పెంచారు. ఒకదాని విత్తనాలు ఎక్కువ చల్లి, రెండోదానివి తక్కువ చల్లి కూడా చూశారు. సారం తక్కువున్న నేలల్లో ఫలితం మారలేదు. కొద్ది ఏళ్లు తిరిగేసరికి బ్లూస్టెమ్‌దే రాజ్యం. ముందు ఎవరు ఎక్కువమంది ఉన్నారన్నది లెక్కలోకే రాలేదు.

ఎవరు గెలుస్తారో ముందే చెప్పగల సంఖ్య ఒకటుందని వాళ్లు గమనించారు. ఒక్కో గడ్డి ఒంటరిగా ఉన్న మడిలో మట్టిని పరీక్షించి, వేరుకి అందకుండా ఇంకా ఎంత నత్రజని మిగిలి ఉందో చూడటమే. టికిల్‌గ్రాస్‌ కింద ఎక్కువ మిగిలింది. బ్లూస్టెమ్‌ల కింద దాదాపు ఊడ్చేసినట్టుంది. ఎవరు నేలని అందరికంటే పేదగా చేసి, ఆ పేదరికంలోనూ తాము బతకగలరో వాళ్లదే గెలుపు. పక్కవాడి మీద చెయ్యెత్తక్కర్లేదు. వాడి కంచంలో ఏమీ మిగల్చకపోతే చాలు. చూడ్డానికి సాధువులా ఉండే గడ్డి చేసే పని ఇది!

వేరు దగ్గర ఏం జరుగుతుంది?

ఇసుకలో నత్రజని ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఇక్కడో చచ్చిన వేరు, అక్కడో పురుగు పెంట, వాన పడ్డాక రెండు రోజుల సందడి... అంతే. గడ్డివేరుకి చర్మం మీద సన్నటి ద్వారాలుంటాయి. కొన్ని నైట్రేట్‌కి, కొన్ని అమోనియానికి. సరుకు పుష్కలంగా ఉన్నప్పుడు పనిచేసేవి ఒక రకం. అతి పలచగా ఉన్నప్పుడు కూడా ఒడిసిపట్టేవి ఇంకో రకం. మొక్కకి ఆకలి పెరిగితే ఈ రెండో రకం ద్వారాల్ని ఎక్కువగా తయారుచేసుకుంటుంది. వేరు పోతూ పోతూ కాస్త సారమున్న చోటు తగిలితే, అక్కడే పక్కవేళ్లు దట్టంగా పుట్టుకొస్తాయి. లేనిచోట పొదుపు. ఇదేమీ ఒక్క బ్లూస్టెమ్‌ సొత్తు కాదు. వరి, బార్లీ, మొక్కజొన్న అన్నీ ఏదో మేరకు చేసేదే.

బ్లూస్టెమ్‌ తేడా ఎక్కడంటే ఖర్చుపెట్టే తీరులో. టికిల్‌గ్రాస్‌ సంపాదన విత్తనాలకి పోతుంది. క్వాక్‌గ్రాస్‌ది పాకడానికి పోతుంది. ఈ రెండూ తిరుగుబోతులు. బ్లూస్టెమ్‌ మాత్రం వచ్చిందంతా వేళ్లలో పెడుతుంది. పైన కనిపించే గడ్డికంటే కింద ఇసుకలో దాగిన వేళ్ల బరువే ఎక్కువ. అవి మనిషి నిలువెత్తు లోతుకి కూడా దిగుతాయి. అందుకే అది ఊళ్లోకి రావడానికి అన్నేళ్లు పడుతుంది. వచ్చాక కదిలించడం కష్టం.

రెండో కిటుకు ఆకులో ఉంది. ఇది మనకి దగ్గరి విషయం. వరి, గోధుమ లాంటివి ఒక కోవ. వీటి ఆకుల్లో ఉన్న నత్రజనిలో దాదాపు పావు వంతు రూబిస్కో అనే ఒకే ఒక్క ఎంజైముకి పోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పట్టుకునేది అదే. కాకపోతే మహా నిదానం, అందుకే అంత మంది పనివాళ్లు కావాలి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు ఇంకో కోవ. ఇవి వాయువుని ముందుగా ఆకు లోపలి గదుల్లోకి తోసి కుదించి, రూబిస్కో ముందు కుప్పపోస్తాయి. దాంతో తక్కువమంది పనివాళ్లతో ఎక్కువ పని జరుగుతుంది. మొదటి కోవని సీ3 అనీ, రెండోదాన్ని సీ4 అనీ అంటారు. బ్లూస్టెమ్‌లు రెండూ సీ4. క్వాక్‌గ్రాస్‌, కెంటకీ బ్లూగ్రాస్‌ సీ3. మన మెట్ట చేలల్లో పెద్దగా ఎరువు ముఖం చూడకుండానే జొన్న, సజ్జ ఇన్ని వందల ఏళ్లు నెట్టుకొచ్చాయంటే వాటి ఆకుల్లో ఉన్న ఈ ఏర్పాటు కూడా ఒక కారణం. హైబ్రిడ్‌ మొక్కజొన్నకి బస్తాలు బస్తాలు పోస్తున్నాం కదా అంటే, అది ఆకు అడిగింది కాదు... మనం అడిగే దిగుబడి అడిగింది.

మూడోది మొదట్లో చెప్పుకున్న అక్టోబరు మూట. ఆకు ఎండేలోగా అందులోని నత్రజనిలో సగానికి అటూ ఇటూ వెనక్కి లాక్కుని, వసంతంలో కొత్త చిగురుకి అదే వాడుకుంటుంది. ఈ ఏడు వేరుకి దొరక్కపోయినా కాపురం నడిచిపోతుంది.

ఇక నాలుగోది అన్నింటికంటే గడుసైంది. సారం లాగేసుకున్నాక మిగిలిన ఆకు ఉత్త పీచు. అది రాలి, వేళ్లు కూడా చచ్చి మట్టిలో కలిస్తే సూక్ష్మజీవులకి కర్బనం బోలెడు దొరుకుతుంది, నత్రజని దొరకదు. వాటికీ ఒళ్లు పెరగాలి కదా! అందుకని మట్టిలో తిరిగే కాస్త నత్రజనినీ అవే పట్టేసుకుంటాయి. ఎవరికీ వదలవు. ఒకే రకం మట్టిలో వేర్వేరు గడ్డులు నాటి మూడేళ్లు ఆగి చూస్తే, మట్టి ఏడాదికి విడుదలచేసే నత్రజనిలో పది రెట్ల దాకా తేడా వచ్చిందని వెడిన్‌, టిల్మన్‌ 1990లో రాశారు. అంటే నేలని బట్టి గడ్డి వస్తుందన్నది సగం నిజమే. గడ్డిని బట్టి నేల కూడా మారుతుంది. బ్లూస్టెమ్‌ తనకి కావాల్సిన పేదరికాన్ని తానే తయారుచేసుకుంటుంది.

బస్తాలో అయిదో వంతు చాలు

ఇప్పుడు ఎరువు వేసిన మళ్ల దగ్గరికి వెళ్దాం. పన్నెండేళ్ల తర్వాత లెక్కతీస్తే, అతి తక్కువ మోతాదులు తప్ప మిగతా మళ్లన్నింట్లో బ్లూస్టెమ్‌ పోయి క్వాక్‌గ్రాస్‌ లాంటి సీ3 గడ్డులు కమ్మేశాయి. పొదుపు అక్కర్లేనిచోట పొదుపరికి చోటులేదు. పుష్కలంగా ఉన్నప్పుడు గెలుపు వెలుతురుది. తొందరగా లేచి, ఎత్తు పెరిగి, పక్కవాళ్లకి నీడపెట్టేవాళ్లదే. జాతుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. గడ్డి పచ్చగా, ఏపుగా పెరిగింది. తెలియనివాళ్లు చూస్తే అదే మంచి మడి అనుకుంటారు. కానీ అడుగున మట్టిలో నైట్రేట్‌ మిగిలిపోయి, వేసినదాంట్లో చాలా భాగం ఎటో పోతోంది. పక్కన ఎరువు ఎరగని మడిలో ఒక్క పిసరు వృథా లేదు.

1988లో కరువు వచ్చింది. ఎక్కువ జాతులున్న మళ్లు ఆ దెబ్బని కొంతవరకు తట్టుకున్నాయి. ఒకటి రెండు జాతులే మిగిలిన మళ్లు చాలా ఘోరంగా పడిపోయాయి. 1994లో ఆ సంగతి రాస్తే పెద్ద గొడవే అయింది. తేడా జాతుల వల్ల కాదు, ఎరువు వల్ల అని కొందరు వాదించారు. ఆ వాదనలో పస లేకపోలేదు. టిల్మన్‌ బృందం మరింత పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. ఎరువు ఊసే లేకుండా ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు జాతుల్ని చల్లిన 168 మళ్లు. ఒక్కోటి తొమ్మిది మీటర్ల చదరం. ఎక్కువ జాతులున్నవే గెలిచాయి. పదేళ్లు తిరిగేసరికి తేడా తగ్గకపోగా పెరిగింది. అందులో ఎక్కువ వాటా ఒక జోడీది... సీ4 గడ్డి, పప్పుజాతి మొక్క. లూపిన్‌, లెస్పెడీజా లాంటివి గాలి నుంచి నత్రజని తెస్తాయి, గడ్డి దాన్ని జారనివ్వకుండా వాడుతుంది. ఒకరు సంపాదించేవాళ్లు, ఒకరు దాచేవాళ్లు. జొన్నలో కంది వేసుకునే మన రైతుకి ఇది కొత్త కబురేం కాదు.

గుండె గుభేల్మనే అంకె 2008లో బయటికొచ్చింది. పెద్ద మోతాదుల సంగతి సరే, అతి తక్కువ వేస్తే? క్రిస్టఫర్‌ క్లార్క్‌, టిల్మన్‌ చెప్పిందేమంటే, హెక్టారుకి ఏడాదికి 10 కిలోల నత్రజని అదనంగా పడ్డా చాలు... ఏళ్లు గడిచేసరికి జాతుల సంఖ్య 17 శాతం తగ్గింది. ఎకరానికి నాలుగు కిలోలు. మన 45 కిలోల యూరియా బస్తాలో ఉజ్జాయింపుగా అయిదో వంతు! ఎరువేమీ వేయని చోట కూడా వానతో, దుమ్ముతో హెక్టారుకి 6 కిలోలు ఎటూ పడుతోంది. వాహనాల పొగ, పశువుల పేడ, పొలాల్లో వేసిన ఎరువు గాలిలో కలిసి ఎక్కడికైనా వెళ్తుంది. కంచె వేసి ఆపేది కాదది. పేదరికాన్ని నమ్ముకుని బతికే గడ్డికి ఆకాశం నుంచి పడే ఈ దానమే శాపం.

ఎరువు ఆపేస్తే? చిన్న మోతాదు మళ్లు పదమూడేళ్లలో దాదాపు కోలుకున్నాయి. పెద్ద మోతాదు పడ్డవి రెండు దశాబ్దాలు గడిచినా మునుపటి స్థితికి రాలేదని ఫారెస్ట్‌ ఇస్బెల్‌, ఆయన సహచరులు 2013లో తేల్చారు. క్వాక్‌గ్రాస్‌ కూర్చున్నచోటి నుంచి లేవనంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి నడుస్తున్న పార్క్‌ గ్రాస్‌ ప్రయోగంలో మాత్రం నత్రజని ఆపాక జాతులు చాలావరకు తిరిగొచ్చాయి. అక్కడ ఏటా రెండుసార్లు గడ్డి కోసి బయటికి తీసుకెళ్తారు, దాంతోపాటు నత్రజనీ పోతుంది. సీడర్‌ క్రీక్‌ మళ్లలో గడ్డి ఉన్నచోటే కుళ్లుతుంది. తేడాకి ఇదో కారణం కావచ్చు.

నిప్పు, బైసన్‌, గొట్టాలు

ఏప్రిల్‌, మే నెలల్లో వెళ్లినవాళ్లకి సీడర్‌ క్రీక్‌లో పొగ కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. తగలబెట్టేది సిబ్బందే. ఓక్‌ చెట్ల కింద గడ్డిని పద్ధతి ప్రకారం కాల్చడం 1964లోనే మొదలైంది. కొన్ని చోట్ల దాదాపు ఏటా, కొన్ని చోట్ల ఎప్పుడో ఒకసారి, కొన్ని చోట్ల అసలు లేదు. ఎండు ఆకుల్లో మిగిలిన నత్రజని పొగతో ఎగిరిపోతుంది. బ్లూస్టెమ్‌ నష్టపోయేది తక్కువే. దాని మూట అప్పటికే మట్టిలో భద్రం. నల్లబడ్డ నేల ఎండకి తొందరగా వేడెక్కితే రెండు మూడు వారాల్లో ఆ బూడిదలోంచి పచ్చటి మొలకలు.

2018 వేసవిలో బైసన్లని తెచ్చి రెండొందల ఎకరాల కంచెలో వదిలారు. అవి ఒకప్పుడు ఈ మైదానాలన్నింటికీ యజమానులు. గడ్డిని మేసి, ఓక్‌ చెట్లకీ గడ్డికీ మధ్య తూకాన్ని ఎలా మారుస్తాయో చూడాలని. మేసినచోట గడ్డి పోతుంది, మూత్రం పడ్డచోట నత్రజని ఒక్కసారిగా పెరుగుతుంది. జనం ఎక్కువగా వచ్చేది వీటికోసమే. పరిశోధన మళ్లలోకి ఎవర్నీ వెళ్లనివ్వరు, ఫిష్‌ లేక్‌ పక్కన నడకదారి మాత్రం అందరికీ ఉంది.

ఇంకో మూల గుండ్రంగా నిలబెట్టిన గొట్టాలు కనిపిస్తాయి. ఆరు వలయాలు. మూడింటిలో బొగ్గుపులుసు వాయువుని గాల్లోకి వదులుతారు, రాబోయే కాలపు వాతావరణం ఎలా ఉంటుందో అలా. 1990ల చివర్లో పీటర్‌ రైక్‌ మొదలుపెట్టిన ఈ ప్రయోగంలో పుస్తకాల్లో చెప్పినట్టే మొదటి పన్నెండేళ్లూ లాభం సీ3 గడ్డులదే. సీ4కి ఆ వాయువు ఎటూ లోపల కుప్పపోసి ఉంటుంది కాబట్టి కొత్తగా కలిసొచ్చేదేం లేదన్నారు. తర్వాత ఎనిమిదేళ్లలో కథ తిరగబడింది. సీ4 మళ్లే పుంజుకున్నాయి, సీ3 వెనకబడ్డాయి. కారణం వెతికితే మళ్లీ నత్రజనే తేలింది. సీ4 గడ్డుల కింద మట్టి కాలం గడిచేకొద్దీ నత్రజనిని ఎక్కువ విడుదల చేస్తోంది, సీ3 కింద తక్కువ. పన్నెండేళ్లకే దుకాణం కట్టేసి ఉంటే పుస్తకాల్లో తప్పు అలాగే ఉండిపోయేది.

కత్తెర పట్టుకుని...

ఏటా వేసవిలో విద్యార్థులు వస్తారు. ఒక్కో మడిలో సన్నటి పట్టీ ఒకటి మొదలంటా కత్తిరించి సంచిలో వేస్తారు. ఆ తర్వాత బల్ల ముందు కూర్చుని ఏ పోచ ఏ జాతిదో వేరుచేయాలి. చచ్చిన ఆకు వేరు, బతికిన ఆకు వేరు. ఎండబెట్టి తూకం వేయాలి. తొమ్మిది గంటల పని. తలమీద దోమలు. ఈ విద్యలో మెరుపులేమీ లేవు. అందుకే బోలెడంత విషయం తెలిసింది.

ఒకప్పుడు రైతులు విడిచివెళ్లిన పొలాలు కూడా ఈ కత్తెరల కిందికే వస్తాయి. వాటిలో పాతది 1927లో వదిలేసింది. 91 ఏళ్ల బీడు తర్వాత కూడా, పక్కనే ఎన్నడూ నాగలి తగలని నేలతో పోలిస్తే జాతులు ముప్పాతిక వంతే, గడ్డి దిగుబడి సగమేనని 2019లో ఇస్బెల్‌ బృందం చెప్పింది. బ్లూస్టెమ్‌ వచ్చి చేరింది, ఊడ్చి దాచుకునే పని చేస్తూనే ఉంది. నాప్స్‌, టిల్మన్‌ల లెక్క ఆ పొలానికి వేసి చూస్తే దాని నత్రజని పాత స్థాయికి దగ్గరయ్యేది 2107లో.

నవంబరులో ఆ రాగిరంగు మీద మంచు పడుతుంది. మళ్ల మూలల్లో పాతిన ఇనప మేకుల తలలు మాత్రం పైకి కనిపిస్తుంటాయి, వసంతంలో వచ్చేవాళ్లకి ఏ మడి ఏదో తెలియడానికి.